నల్ల ట్యాంకు ఎవరు ఖాళీ చేస్తారు?

మేం క్యాంపింగ్ ట్రైలర్, అంటే బండి వెనక తగిలించి లాక్కెళ్లే చిన్న ఇల్లు, కొన్నామంటే టెక్సాస్‌లో స్నేహితులు ధరెంత, లాగడానికి ఏ బండి వాడుతున్నారు అని అడిగారు. గుంటూరులో మాత్రం చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న: "మరి దొడ్డికెలా?" అమ్మ ఫోన్‌లో ఆ మాట కూడా అనలేక, "అవసరమొస్తే ఎక్కడికెళ్తారే?" అంది. లోపలే ఉంటుందమ్మా అన్నాక అసలు గొడవ మొదలైంది. వంట చేసే స్టవ్వుకి నాలుగడుగుల అవతల బాత్‌రూమ్, మధ్యలో పల్చటి తలుపు. వెళ్లినదంతా ట్రైలర్ అడుగున ఒక ట్యాంకులో చేరి, మేం ఖాళీ చేసేదాకా మాతోనే ప్రయాణం చేస్తుంది. మడీ ఆచారం పెద్దగా పట్టని అమ్మ కూడా ఇది వినగానే, "దేవుడి పటాలు అందులో పెట్టలేదు కదా?" అని అడిగింది. పెట్టాం. ఆ సంగతి ఆవిడకి ఇంకా చెప్పలేదు.

వేసవి సెలవులకి పిల్లల్ని బ్రాడీపేట తీసుకొచ్చినప్పుడు ఈ చర్చ ఫోన్‌లోంచి వరండాలోకి వచ్చింది. నాన్న రైల్వేలో బోగీల మరమ్మతు చూసే విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. ఆయనకి అసహ్యాలేం లేవు, అదెలా పనిచేస్తుందో కావాలి. క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి, మావాడి చేతికి పెన్నిచ్చి "బొమ్మ వెయ్యరా" అన్నారు. మా పిల్లలది వచ్చీరాని తెలుగు. పద్యం చెప్పమంటే నసుగుతారు, చుట్టాలు పలకరిస్తే ఇంగ్లీషులోకి జారుకుంటారు. అలాంటిది ఈ బొమ్మ ముందు కూర్చుని పదమూడేళ్లవాడు ఆగకుండా తెలుగులో మాట్లాడాడు. ఆదివారం తెలుగు బడికి తీసుకెళ్లడానికి నేను పడే పాట్లు గుర్తొచ్చి కొంచెం ఒళ్లు మండింది కూడా.

వాడు చెప్పింది ఇది. ట్రైలర్‌కి మూడు ట్యాంకులుంటాయి. ఒకటి మంచినీళ్లది. సింకులో, స్నానానికి వాడిన నీళ్లు పోయేది గ్రే ట్యాంకు. టాయిలెట్‌ది బ్లాక్ ట్యాంకు. వాడు నల్ల ట్యాంకు అంటాడు, మా ఇంట్లో అందరికీ అదే అలవాటైంది. మాది 30 గ్యాలన్లది, అంటే సుమారు 113 లీటర్లు. ఇంట్లో కమోడ్‌కి ఉన్నట్టు వెనక నీళ్ల తొట్టి ఉండదు. కాలితో పెడల్ నొక్కితే గిన్నె అడుగున మూత పక్కకి జరిగి అంతా నేరుగా ట్యాంకులో పడుతుంది. పెడల్ వదిలాక గిన్నె అడుగున ఎప్పుడూ కాసిని నీళ్లు నిలిచి ఉండాలి, కింది వాసనని ఆపేది అవే. మూత చుట్టూ ఉన్న రబ్బరు ఎండిపోతే నీళ్లు నిలవవు కాబట్టి దానికి అప్పుడప్పుడూ సిలికాన్ గ్రీజు రాస్తాం. పెడల్ నొక్కే ముందు పైకప్పు ఫ్యాను ఆపాలి. లేకపోతే అది ట్యాంకులో గాలిని పైకి లాగి ట్రైలరంతా పంచిపెడుతుంది.

"నిండిందని ఎలా తెలుస్తుందిరా?" అన్నారు నాన్న. గోడమీద చిన్న లైట్లుంటాయి గానీ వాటిని మావాడు నమ్మడు. లోపల సెన్సర్‌కి కాగితం ముక్క అంటుకుంటే చాలు, ఖాళీ ట్యాంకు కూడా నిండినట్టే చూపిస్తుంది. వాడు టార్చి వేసి, పెడల్ నొక్కి, కళ్లతో చూసుకుంటాడు. మీటర్‌ని నమ్మని మనవడంటే నాన్నకి ముచ్చటేసింది.

కొత్తవాళ్లకి తట్టని సంగతి ఇంకోటుంది. క్యాంపు స్థలంలో మురుగు గొట్టం తగిలించి ఉన్నా సరే నల్ల ట్యాంకు వాల్వు మూసే ఉంచాలి. తెరిచి ఉంచితే నీళ్లు జారిపోయి గట్టిది మాత్రం అడుగున కుప్పపడి ఎండి బిగుసుకుంటుంది. దాన్ని కదిలించడం నరకం. మూడింట రెండు వంతులు నిండాక వాల్వు లాగితే ఆ నీళ్ల బరువుకి అంతా ఒక్క ఊపున కొట్టుకుపోతుంది. ముందు నల్ల ట్యాంకు, తర్వాత గ్రే. అలాగైతే సబ్బు నీళ్లు గొట్టాన్ని కడిగేస్తాయి. గొట్టం మూడంగుళాలది, చేతులకి వాడి పారేసే గ్లౌజులు. గొట్టం మొదట్లో లోపల కనిపించే ప్లాస్టిక్ మలుపు ఒకటి తగిలిస్తాం, నీళ్లు తేటపడ్డాయో లేదో దాంట్లో తెలుస్తుంది. అక్కడ కడగడానికి వాడే పైపుని మంచినీళ్ల పైపు దగ్గరికి కూడా రానివ్వం. ట్యాంకులో పోసే మందుల్లో ఫార్మాల్డిహైడ్ ఉన్నవి వాసనని తొక్కిపెడతాయి గానీ ట్రైలర్లు ఆపుకునే పార్కుల సెప్టిక్ ట్యాంకుల్లో పనిచేసే బ్యాక్టీరియాని చంపుతాయి. అందుకని మేం ఎంజైములవే వాడతాం.

నాన్న అంతా విని, "మా బండ్లకి ఇవేవీ ఉండేవి కాదురా. ఒక గొట్టం, కింద పట్టాలు, అంతే" అన్నారు. స్టేషన్‌లో బండి ఆగి ఉండగా వాడరాదన్న బోర్డు ఎందుకుండేదో పిల్లలకి అప్పుడు తెలిసింది. పట్టాలు దాంతో తుప్పుపట్టేవట. 2011 నుంచి బోగీలకి బయో టాయిలెట్లు పెట్టడం మొదలైంది. సియాచిన్ లాంటి మంచు ప్రాంతాల్లో సైనికుల కోసం డీఆర్‌డీవో వాళ్లు తయారుచేసిన పద్ధతి అది. గాలి అవసరం లేని బ్యాక్టీరియా లోపలుండి మలాన్ని నీళ్లుగా, గ్యాసుగా మార్చేస్తాయి. అందులో నీళ్ల బాటిలో గుట్కా ప్యాకెట్టో పడేస్తే మాత్రం మూసుకుపోతుంది. "అంతకుముందు ప్లాట్‌ఫామ్ పక్కన పట్టాలు కడిగేవాళ్లని ఉద్యోగం చేసినన్నాళ్లూ చూశాను. ఒక్కళ్ల పేరూ తెలీదు" అన్నారు.

కాగితం సంగతి వేరే చెప్పాలి. ట్రైలర్ వాడకం పుస్తకాలన్నీ త్వరగా కరిగే కాగితమే వాడమంటాయి. సీసాలో నీళ్లు పోసి కాగితం వేసి కుదిపితే ముక్కలుముక్కలుగా విడిపోవాలి, విడిపోకపోతే ట్యాంకుకి పనికిరాదు. మాకు ఆ టెన్షన్ పెద్దగా లేదు, మేం నీళ్లవాళ్లం. మా ఇంట్లో కమోడ్ పక్కన స్ప్రే ఉంటుంది, ట్రైలర్‌లోనూ ఒకటి పెట్టించాం. పిల్లలకి స్కూల్లో కాగితం, ఇంట్లో నీళ్లు. రెండూ ఏ గొడవా లేకుండా అలవాటయ్యాయి. గొడవంతా నాదే. అమెరికా వెళ్లిన కొత్తలో బాత్‌రూమ్‌లో ప్లాస్టిక్ మగ్గుని ఎవరైనా ఇంటికొస్తే అలమరలో దాచేదాన్ని. నా కూతురు తన స్నేహితురాలికి ఆ స్ప్రేని చూపించి ఎలా వాడాలో వివరించింది. ఎదురుగా నేనుంటే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని, దానికేమో అది బ్రష్ చేసుకోవడంతో సమానం. పైగా నల్ల ట్యాంకుకి కావలసింది కూడా నీళ్లే. కాగితం తక్కువ, నీళ్లు ఎక్కువ అయితే అడుగున ఏదీ పేరుకోదు.

ఇబ్బంది మంచినీళ్లతో. కొళాయి లేని చోట ఆగితే ట్యాంకులో ఉన్నదే వంటకీ, స్నానానికీ, దీనికీ. అందులో అమ్మ పెంపకం పనికొస్తోంది. మునిసిపాలిటీ నీళ్లొచ్చే వేళకి లేచి బిందెలు నింపుకున్న ఇల్లు మాది. ఒక్క మగ్గుతో ఎంత పనవుతుందో మా పిల్లలకి నేర్పింది ఆవిడే. ఈ విషయంలో అమెరికా ఇల్లు నేర్పేదేం లేదు. అక్కడ మీట నొక్కితే పోతుంది, ఎక్కడికి పోతుందో ఎవరికీ పట్టదు. ట్రైలర్ కొనేదాకా మా పిల్లలకీ పట్టలేదు. ఇప్పుడు వాల్వు లాగేది మావాడే, పక్కన వాళ్ల నాన్న నిలబడతాడు.

మేం గుంటూరులో ఉండగానే ఇంటి సెప్టిక్ ట్యాంకు తీయించాల్సి వచ్చింది. రెండు మూడేళ్లకోసారి తీయించాలి, ఎవరూ తీయించరు. వీధిలో భూగర్భ డ్రైనేజీ కోసం ఎప్పుడో తవ్వారు, పూడ్చారు. మా ఇంటికి మాత్రం ఇంకా ట్యాంకే దిక్కు. నాన్న లారీని పిలిపించారు. డ్రైవరుతో పాటు ఇరవై ఏళ్ల కుర్రాడు వచ్చాడు. గునపంతో పలక లేపాడు, చేతులకి ఏమీ లేవు. మావాడు వెళ్లి పక్కన నిలబడి, గొట్టం ఎన్ని అంగుళాలు, లారీలో ఎన్ని లీటర్లు పడతాయి, ఎక్కడ వదులుతారు అని వరసగా అడుగుతున్నాడు. మొదటి రెండింటికీ ఆ కుర్రాడు సరదాగానే చెప్పాడు. మూడోదానికి "ఊరి బయట, బాబూ" అని తల తిప్పేసుకున్నాడు.

అప్పుడే వచ్చిన మా పెద్దమ్మ, "ఆ కంపులో వాడికేం పని, లోపలికి రమ్మను" అంది. వాడు ఊరుకోడుగా, ట్రైలర్‌ది నేనే ఖాళీ చేస్తానని గర్వంగా చెప్పాడు. పెద్దమ్మ నావైపు తిరిగి, "అంత చదువు చదివి, అమెరికా వెళ్లి, చివరికి పిల్లాడికి ఈ పని నేర్పించావా?" అంది. ఆవిడ చెడ్డమనిషి కాదు. ఇంట్లో అందరూ ఆ మాట మామూలుగా విన్నారు, కాఫీలు తాగారు. వాడొక్కడే "ఎందుకు నేర్పకూడదు?" అని అడిగాడు.

లారీ గొట్టం పైనున్న నీళ్లన్నీ లాగేసింది, అడుగున మడ్డి రావట్లేదు. "కొంచెం దిగి కదిపితే వచ్చేస్తదండీ" అన్నాడు ఆ కుర్రాడు, చొక్కా విప్పబోతూ. నాన్న గట్టిగానే అరిచారు. "ఎవరూ దిగక్కర్లేదు. నీళ్లు కొట్టి, వెదురుగడతో పైనుంచే కదుపు. రాకపోతే మిగలనీ." నిజానికి అడుగున కొంత మడ్డి మిగిలితేనే మంచిది, కొత్తగా పడేదాన్ని అరిగించే బ్యాక్టీరియా ఉండేది అందులోనే. డ్రైవరు ఆలస్యమైపోతోందని సణిగాడు. నాన్న కొంత ఎక్కువిచ్చి పంపారు.

మావాడి లెక్క సులువు. మనది మనం తీసుకుంటున్నాం కదా, అందరూ అలాగే తీసుకోవచ్చుగా అన్నాడు. నాన్న ఒప్పుకోలేదు. "మీది మూడంగుళాల గొట్టం, వాల్వు లాగితే దానంతట అదే పోతుంది. ఇది గొయ్యిరా. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఉంటుంది. దిగినవాడు పడిపోతాడు, వాణ్ని తీయడానికి దిగినవాడూ పడిపోతాడు." పత్రికల్లో ఒకే గొయ్యిలో ఇద్దరు ముగ్గురు పోయినట్టు వచ్చేది అందుకే. మాస్కు, గాలి సిలిండరు, నడుముకి తాడు లేకుండా మనిషిని దించడాన్ని 2013 చట్టం నేరం చేసింది. చనిపోతే కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది.

చట్టం ఉంటే ఆ అన్న ఎందుకు దిగబోయాడని వాడు మళ్లీ అడిగాడు. ఆ రాత్రి డాబా మీద చెప్పాను. ఈ పని తరతరాలుగా కొన్ని కులాల మీద ఎలా రుద్దారో, పెద్దమ్మ మాట ఎక్కణ్నుంచి వచ్చిందో, ఆ మాట వింటూ పెరిగిన ఇంట్లోనే నేనూ పెరిగానని. కోలార్ బంగారు గనుల దగ్గర ఈ పని చేసే కుటుంబంలో పుట్టి, దీన్ని ఆపించడానికే జీవితం పెట్టిన బెజవాడ విల్సన్ గారి గురించి, 2016లో ఆయనకొచ్చిన మెగసెసే అవార్డు గురించి చెప్పాను. "బెజవాడ అంటే మనం విమానం దిగే ఊరేగా" అంది చిన్నది నిద్రమత్తులో. అమెరికాలో పుట్టిన పిల్లలకి కులం గురించి ఏ వయసులో చెప్పాలని మా స్నేహితుల్లో వాదన జరుగుతూ ఉంటుంది. పండగలూ పిండివంటలూ మాత్రం చూపించి ఇది దాస్తే మన ఊరు వాళ్లకి సగమే తెలుస్తుందని నా అభిప్రాయం. చాలామంది ఒప్పుకోరు.

మర్నాడు నాన్న సెప్టిక్ పలక మీద పెయింటుతో తేదీ వేయించారు. 14420 నంబరు గోడమీద రాశారు. ట్యాంకులు యంత్రంతో తీయించుకోవడానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ అది. ఈసారి లారీ దాని ద్వారానే అంటున్నారు.

అమ్మా నాన్నా మా దగ్గరికి వచ్చినప్పుడు ట్రైలర్‌లో తిప్పాలని పిల్లల పట్టుదల. నాన్నకి ఊరు చూడటం కంటే వాల్వు లాగడం మీదే ఆసక్తి. అమ్మ షరతులు పెట్టింది. స్ప్రే ఉన్నా సరే మగ్గు ఉండాలి. పగలు పార్కు వాళ్ల బాత్‌రూమ్‌కే వెళ్తుంది, రాత్రి మాత్రమే లోపల. వంటవుతుండగా ఎవరూ ఆ తలుపు తీయకూడదు. నేను బాత్‌హౌస్ దగ్గరగా ఉన్న స్థలాలే వెతుకుతున్నాను. అమ్మ మోకాళ్లకి పెడల్ కష్టమవుతుందని చిన్నది ఆవిణ్ని కుట్టుమిషన్ దగ్గర కూర్చోబెట్టి, ఇలా నొక్కాలి అమ్మమ్మా, ఇప్పుడు వదలాలి అని ట్రైనింగ్ ఇస్తోంది. "మీ అమ్మకి ఇవన్నీ నేర్పింది ఎవరనుకున్నావే?" అంటోంది అమ్మ.