తలుపు వెనుక అట్టపెట్టె

మా తరగతి గదిలో తలుపు వెనుక ఒక అట్టపెట్టె ఉంటుంది. పిల్లలు మరిచిపోయి వదిలేసిన వస్తువులన్నీ, అంటే మూత లేని నీళ్ళ సీసా, ఒంటి సాక్సు, సగం అరిగిన రబ్బరు, అట్ట ఊడిన లెక్కల పుస్తకం లాంటివన్నీ అందులో చేరతాయి. ప్రతి శుక్రవారం సాయంత్రం ఆ పెట్టెను బల్లమీద బోర్లించి, ఎవరివి వారిని తీసుకోమంటాను. కొన్నాళ్ళ క్రితం ఒక నీలం స్వెట్టరు చూపించి ఎవరిదని మూడుసార్లు అడిగినా ఎవరూ పలకలేదు. చివరికి మెడ దగ్గర కుట్టి ఉన్న పేరు చదివితే, ముందు బెంచీలో కూర్చున్న ఎనిమిదేళ్ళ పాప లేచి నిలబడి, "అది నాదేనా టీచర్?" అని అడిగింది.

ఆ పాప అబద్ధమాడలేదు. స్వెట్టరు కొన్నదీ, పేరు కుట్టినదీ, ఉతికి మడతపెట్టినదీ, పొద్దున్నే తొడిగినదీ వాళ్ళ అమ్మే. ఆ పాపకు దానితో ఉన్న సంబంధమల్లా ఒంటిమీద ఉన్నంతసేపే. తనదని తెలియని వస్తువును జాగ్రత్త చేయమని పిల్లలను మందలించడం ఎంత అన్యాయమో నాకు ఆ రోజు అర్థమయింది.

అప్పటి నుంచి తల్లిదండ్రులను నేను అడుగుతున్నది ఒక్కటే: సంచి సర్దే పనిని పిల్లలకు వదిలిపెట్టండి. పేరు వాళ్ళే రాసుకోవాలి, అట్టలు వాళ్ళే వేసుకోవాలి, రాత్రి పడుకునే ముందు మర్నాటి పుస్తకాలు వాళ్ళే పెట్టుకోవాలి. మొదటి రెండు మూడు వారాలు తప్పులు జరుగుతాయి, జరగనివ్వండి. మందులో, కళ్ళద్దాలో, భోజనమో మరిచిపోతే తప్పకుండా తెచ్చి ఇవ్వాలి. బొమ్మల పుస్తకం కోసం మాత్రం బడికి పరుగెత్తుకు రావలసిన అవసరం లేదు.

అయితే పని అప్పగించి చేతులు దులుపుకుంటే సరిపోదు. ముందుచూపుతో పనులు గుర్తుంచుకునేందుకు తోడ్పడే మెదడు ముందుభాగం 25 ఏళ్ళ వయసు దగ్గరపడే వరకు ఎదుగుతూనే ఉంటుంది కనుక, ఎనిమిదేళ్ళ పిల్లల జ్ఞాపకశక్తి మీదే భారమంతా వేయకూడదు. ప్రతి వస్తువుకూ వాళ్ళ చేతికి అందే ఎత్తులో ఒక చోటు ఉండాలి. విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలో పిల్లల కోసం తన తొలి బడి తెరిచిన తర్వాత, వాళ్ళే తీసుకుని వాళ్ళే తిరిగి పెట్టుకునేందుకు వీలుగా పొట్టి అరలు పెట్టించడం నాకు ఎప్పటికీ గొప్ప ఆలోచనగానే తోస్తుంది. అలాగే "జాగ్రత్తగా ఉంటాను" అనే మాట కంటే "గంట కొట్టగానే బల్ల కింద చూస్తాను" అనే మాట పిల్లలకు ఎక్కువగా పనికివస్తుంది. ఫలానాది జరగగానే ఫలానా పని చేస్తానని ముందే అనుకుంటే ఆ పని జరిగే అవకాశం పెరుగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ పరిశోధనలు కూడా చెబుతున్నాయి.

అన్నిటికంటే నన్ను బాధించేది భయం. ఒకసారి ఒక అబ్బాయి జామెట్రీ బాక్స్ పోగొట్టుకుని, ఇంట్లో తెలిస్తే కొడతారేమోనని, పది రోజులపాటు పక్కవాళ్ళ దగ్గర స్కేలు, వృత్తలేఖిని అడుక్కుంటూ గడిపాడు. ఆ పది రోజులూ అతని బాక్స్ మా అట్టపెట్టెలోనే, ఒక రెయిన్‌కోటు కింద ఉంది. శుక్రవారం పెట్టె బోర్లించినప్పుడు కూడా, పోగొట్టుకున్నానని ఒప్పుకోవలసి వస్తుందని అతను బల్ల దగ్గరికే రాలేదు. పోయిందని ధైర్యంగా చెప్పగలిగిన పిల్లవాడే వెతకగలడు. అందుకే ఇప్పుడు మా తరగతిలో వస్తువు పోయిందని చెప్పిన వారిని ఎవరూ ఏమీ అనకూడదు. చివరిసారి ఎక్కడ వాడావని అడిగి, అక్కడి నుంచి వెనక్కి నడిపించి, వెతకడం వాళ్ళ చేతే చేయిస్తాను. దొరకకపోతే వెంటనే కొత్తది కొనిపెట్టవద్దని, కొన్ని రోజులు పాతదానితో సర్దుకోనివ్వమని పెద్దలకు చెబుతాను.

ఈ శుక్రవారం ఆ స్వెట్టరు పాప నీళ్ళ సీసా పెట్టెలో కనిపించింది. నేను దాన్ని తిప్పి పేరు వెతికే లోపే, అడుగున ఉన్న సొట్టను చూపించి, "అది నాది టీచర్, మెట్ల మీద పడినప్పుడు తగిలింది" అంటూ వచ్చి తీసుకుంది.