యూదుడెవరు? మన విభాగంలో చదివిన ఒక తీర్పు

మన చరిత్ర విభాగంలో ఆధునిక యూరప్ పేపరుకు సంబంధించి యూదుల చరిత్రకు సిలబస్ కేటాయించింది ఒక్క యూనిట్టే అయినా, మాస్టారు దాన్ని అంత త్వరగా వదిలిపెట్టలేదని, పరీక్షలు దగ్గర పడేకొద్దీ కొందరం లోలోపల సణుక్కున్నామని ఆనాటి సహాధ్యాయులకు గుర్తుండే ఉంటుంది. ఆ చరిత్ర హిట్లర్‌తో మొదలై ఇజ్రాయెల్‌తో ముగుస్తుందనుకునే మన చేత ఆయన మొదట చదివించింది యూదు చరిత్రకారుడు సాలో బారన్ 1928లో రాసిన వ్యాసం. ఫ్రెంచి విప్లవం యూదులకు పౌరసత్వం ఇచ్చిన మాట నిజమే గాని, అంతవరకు వారి సమాజాలకున్న సొంత న్యాయస్థానాలు, స్వయంపాలన దానితోనే పోయాయని, విప్లవానికి ముందరి కాలాన్నంతా కన్నీటి గాథగా చెప్పడం సరికాదని బారన్ వాదన. యూదులకు వ్యక్తులుగా అన్నీ ఇవ్వాలి, జాతిగా ఏమీ ఇవ్వకూడదని 1789లో క్లెర్మాన్-తొన్నేర్ ఫ్రెంచి జాతీయ సభలో అన్న మాటను మాస్టారు బోర్డు మీద రాసి, దాని కింద 1897 అని వేశారు. ఆ ఏడాది ఆగస్టులో బాసెల్‌లో తొలి సియోనిస్టు మహాసభ జరిగితే, అక్టోబరులో విల్నాలో యూదు కార్మికుల పార్టీ బుండ్ పుట్టింది. సొంత గడ్డ కావాలన్నది మొదటిది. ఉన్నచోటే ఉండి పోరాడదామన్నది రెండోది.

చరిత్రకారులూ ఈ చీలికకు అతీతులు కారు. రాజ్యం లేకుండానే జాతిగా మనవచ్చునన్న సైమన్ డూబ్నోవ్‌ను 1941లో రీగాలో నాజీలు చంపేశారు. యూదుల చరిత్రకు ఇజ్రాయెల్ గడ్డే కేంద్రమన్న బెన్-జియోన్ దినూర్ ఆ దేశ విద్యామంత్రి అయ్యాడు. దీన్ని బట్టి దినూర్ వాదమే నెగ్గిందనడం తొందరపాటని నేను ఇప్పటికీ అనుకుంటాను.

అన్నిటికన్నా మనల్ని తికమకపెట్టింది 1962 నాటి బ్రదర్ డేనియల్ తీర్పు. పోలెండులో యూదు కుటుంబంలో పుట్టిన ఆస్వాల్డ్ రుఫైసెన్ మీర్ పట్టణంలో జర్మన్ పోలీసుల దగ్గర దుబాసీగా ఉంటూనే గెట్టోలో, అంటే యూదులను నిర్బంధించిన పేటలో, ఉన్న యూదులకు ముందుగా కబురందించి వందలమంది పారిపోయేలా చేశాడు. తాను తలదాచుకున్న కాన్వెంటులో కాథలిక్ అయి, తర్వాత బ్రదర్ డేనియల్ పేరుతో సన్యాసిగా ఇజ్రాయెల్ చేరి, యూదులకు ఆ దేశానికి వచ్చి స్థిరపడే హక్కునిచ్చే 1950 నాటి పునరాగమన చట్టం కింద పౌరసత్వం కోరాడు. యూదు తల్లికి పుట్టినవాడు మతం మారినా యూదుడేనని మతశాస్త్రం చెబుతుంటే, ఈ చట్టం మతచట్టం కాదని, మతం మారినవాణ్ణి సామాన్య జనం యూదుడనరని సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పుతో కాదంది. మతం ఒప్పుకున్నవాణ్ణి లౌకిక చట్టం ఒప్పుకోకపోవడమేమిటని ఆ రోజు క్లాసు రెండుగా చీలి, గంట కొట్టినా కదల్లేదు. ఆయనకు పౌరసత్వం మామూలు దరఖాస్తు దారిలో వచ్చింది. 1970లో ఇజ్రాయెల్ పార్లమెంటు, యూదులంటే యూదు తల్లికి పుట్టినవారు లేదా యూదు మతం పుచ్చుకున్నవారు, వేరే మతానికి చెందనివారు అని నిర్వచనం రాసింది.

చాలా ఏళ్లకు, గుంటూరు ప్రాంతంలోని కొత్తరెడ్డిపాలెంలో మాదిగ సమాజం నుంచి వచ్చి తమను బెనె ఎఫ్రాయిమ్ యూదులుగా చెప్పుకునే కుటుంబాలపై 2013లో వెలువడిన పరిశోధన గ్రంథాన్ని చదివినప్పుడు ఆ తీర్పే మనసులో మెదిలింది. మతంతో పాటు కులం కూడా కలిసిన ఈ ప్రశ్న ఆ న్యాయమూర్తుల ముందుకు రాలేదు. వచ్చి ఉంటే మన క్లాసు ఎన్ని ముక్కలయ్యేదో.