దారి చూసేవాళ్ళకి లోయ కనపడదు

కిందటి చలికాలం ఒక రాత్రి బస్సులో కొండెక్కుతుంటే నాకు ముందు సీటు దొరికింది, డ్రైవర్‌కి ఎడంపక్కన ఒంటరిగా ఉండే సీటు, ఎదురుగా పెద్ద అద్దం తప్ప ఇంకేం ఉండదు. వెనక అందరూ నిద్రలో ఉన్నారు. నేనూ పడుకుందామనే అనుకున్నా గానీ మొదటి హెయిర్‌పిన్ మలుపు దగ్గరే నిద్ర ఎగిరిపోయింది. మలుపు తిరిగేటప్పుడు ఒక్క క్షణం బస్సు ముక్కు రోడ్డు మీద ఉండదు, సరాసరి లోయలోకి తిరిగి ఉంటుంది, హెడ్‌లైట్లు రోడ్డుని వదిలేసి గాల్లోకి వెళ్ళిపోతాయి. ఆ రాత్రి లోయ నిండా మంచు. లైటు వెలుగు ఆ మంచులో పడి పొడుగ్గా, తెల్లగా, అంచులు తెలిసేలా ఒక కిరణంలా నిలబడింది, అందులో చిన్న చిన్న నీటి తుంపరలు తిరుగుతూ కనిపించాయి. అది చూడగానే నాకు గుర్తొచ్చింది సినిమా హాలు. తల మీదుగా వెనకనుంచి వచ్చే ఆ వెలుగు, దాంట్లో తిరిగే దుమ్ము. చిన్నప్పుడు నేను సినిమా కంటే ఎక్కువసార్లు వెనక్కి తిరిగి దాన్నే చూసేవాణ్ణి, పక్కన కూర్చున్న అమ్మ గడ్డం పట్టుకుని తలని మళ్ళీ తెర వైపు తిప్పేది.

వెలుగు దానంతట అది కనిపించదు కదా, మధ్యలో ఏదో ఒకటి అడ్డం రావాలి, మంచో దుమ్మో. లేకపోతే అది ఎక్కడ పడిందో అక్కడే కనిపిస్తుంది గానీ దారిలో కనిపించదు. ఆ రాత్రి ఆ కిరణం కనిపించిన దగ్గర్నుంచి నేను లోయని చూడటం మానేసి డ్రైవర్‌ని చూడటం మొదలుపెట్టా.

ఆయనకి యాభై దాటి ఉంటాయి. ఒక్కో మలుపు ముందు గేరు తగ్గించడం, ఎదురు బండి లైటు కొండ గోడ మీద పడుతోందేమోనని చూడటం, హారన్ కొట్టడం, తర్వాత స్టీరింగ్‌ని మనం అనుకునే దానికంటే ఆలస్యంగా తిప్పడం. ఎందుకంత ఆలస్యం అంటే, పొడుగు బండికి వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలి వైపుకి కోసుకుంటూ వస్తాయి. తొందరపడి తిప్పితే వెనక చక్రం కొండ రాయికి తగులుతుంది, లేదా గట్టు దిగుతుంది. కాబట్టి ముందు భాగాన్ని ఇంచుమించు అంచు దాకా పోనిచ్చి అప్పుడు తిప్పాలి. మనకి గుండె జారేది సరిగ్గా అక్కడే, ఆయన లెక్క కరెక్టుగా ఉండేది కూడా సరిగ్గా అక్కడే.

మధ్యలో ఒక చోట ఎదురుగా లారీ వచ్చింది. మేం ఎక్కుతున్నాం కాబట్టి అది ఆగి దారి ఇచ్చింది, కొండ రోడ్ల మీద ఎక్కే బండికే ముందు దారి అనేది పాత నియమం, ఏటవాలులో ఆగిన బరువు బండిని మళ్ళీ కదిలించడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుసు. ఇద్దరు డ్రైవర్లూ చెయ్యెత్తుకున్నారు, ఒక్క మాట లేదు.

నేనే మాట కలిపా. "అన్నా, ఈ రూట్లో ఎన్నాళ్ళనుంచి?" అంటే "పంతొమ్మిదేళ్ళు" అన్నాడు. "మరి పగటి పూట లోయ అంత బాగుంటుందంట కదా, రోజూ చూస్తుంటారు" అన్నా. ఆయన రోడ్డు మీదనుంచి చూపు తియ్యకుండానే "చూసేది మీరు బాబూ, నేను చూస్తే మీరు చూడలేరు" అన్నాడు. మామూలుగా, టైమెంతయిందంటే చెప్పినట్టు చెప్పాడు. నాకు మాత్రం ఆ మాట అక్కడే ఉండిపోయింది.

ఆ మాట వినగానే ఇంకో మనిషి గుర్తొచ్చాడు. చిన్నప్పుడు నన్ను ఒకసారి ప్రొజెక్టర్ కేబిన్‌లోకి రానిచ్చిన ఆపరేటర్. ఎవరో పెద్దవాళ్ళకి తెలిసినాయన, "ఏం ముట్టుకోనంటేనే" అన్న షరతు మీద లోపలికి రానిచ్చాడు. బయట హాల్లో ఎంత చల్లగా చీకటిగా ఉండేదో లోపల అంత వేడి, అంత చప్పుడు. మనకి తెర మీద వినిపించే పాట అక్కడ చిన్న స్పీకర్లో సన్నగా వినపడుతోంది, దాన్ని మింగేస్తూ ప్రొజెక్టర్ టకటకలు. రెండు ప్రొజెక్టర్లు పక్కపక్కన. గోడలో చిన్న అద్దం కిటికీలు, అందులోంచి దూరంగా తెర, అరచేయంత.

వెలుగు కార్బన్ కడ్డీలతో వచ్చేది. రెండు కడ్డీల మొనలు దగ్గరగా పెట్టి కరెంటు పంపిస్తే మధ్యలో మండే వెలుగు, నేరుగా చూస్తే కళ్ళు పోతాయని నల్లద్దం లోంచి చూపించాడు. అవి మండేకొద్దీ అరిగిపోతాయి, అరిగేకొద్దీ మధ్య ఖాళీ పెరుగుతుంది, ఖాళీ పెరిగితే తెర మీద వెలుగు తగ్గి పసుపెక్కుతుంది. అందుకని ఆ ఖాళీని ఎప్పటికప్పుడు సరిచూస్తూ ఉండాలి. 1950ల తర్వాత మెల్లమెల్లగా జినాన్ బల్బులు వచ్చి ఈ పని పోయింది గానీ చాలా హాళ్ళు కార్బన్లతోనే చాలా ఏళ్ళు నడిచాయి.

అప్పుడు అర్థం కాలేదు, పెద్దయ్యాక చదివి తెలుసుకున్నా, ఆయన చేతుల్లో ఏం జరుగుతుండేదో. 35 ఎం.ఎం. ఫిల్మ్ సెకనుకి 24 ఫ్రేములు, నిమిషానికి 90 అడుగులు. రెండున్నర గంటల సినిమా అంటే 13,500 అడుగులు, అంటే నాలుగు కిలోమీటర్లు దాటిన దారి! ఒక్కో ఫ్రేము గేటు దగ్గరికి, అంటే వెలుగు ఫిల్మ్ లోంచి పోయే చిన్న కిటికీ దగ్గరికి, వచ్చి ఆగుతుంది, నిజంగానే ఆగుతుంది, మాల్టీస్ క్రాస్ అని ఒక చక్రం ఉంటుంది, అది ఫిల్మ్‌ని లాగుతుంది, ఆపుతుంది, లాగుతుంది, ఆపుతుంది. లాగేటప్పుడు బొమ్మ అలుక్కుపోకుండా ఒక రెక్క అడ్డమొచ్చి వెలుగుని ఆపేస్తుంది, మినుకుమినుకుమనకుండా ఉండటానికి ఫ్రేము ఆగి ఉన్నప్పుడు కూడా ఇంకోసారి అడ్డమొస్తుంది. లెక్కేస్తే ఇంచుమించు సగం సేపు తెర మీద ఏమీ ఉండదు, ఉత్త చీకటి. రెండున్నర గంటల సినిమాలో గంటకి పైగా మనం చీకట్లోనే కూర్చుని ఏడ్చాం, నవ్వాం, మనకి తెలియలేదు. ఇది తెలిసిన రోజు నేను చాలాసేపు ఊరికే కూర్చుండిపోయా.

ఆయనకి సినిమా చూసే తీరికే లేదు. ఒక్కో రీలు ఇరవై నిమిషాలు. ఒక ప్రొజెక్టర్ నడుస్తుంటే రెండోదాంట్లో తర్వాతి రీలు ఎక్కించాలి, పళ్ళ చక్రాల మీదుగా లూపులు, అంటే ఫిల్మ్ వదులుగా ఉండే వంపులు, సరిగ్గా వదిలి. లూపు చిన్నదైతే ఫిల్మ్ తెగుతుంది. అయిపోయిన రీలు వెనక్కి చుట్టాలి, తర్వాతి ఆటకి. అదంతా చేసి కిటికీ దగ్గరికొచ్చి నిలబడి తెర వైపు చూస్తాడు, కానీ హీరోని కాదు, తెర కుడిపక్క పై మూలని. రీలు అయిపోవడానికి కొన్ని సెకన్ల ముందు అక్కడ చిన్న గుండ్రటి చుక్క పడుతుంది, నాలుగే ఫ్రేములు, అంటే సెకనులో ఆరో వంతు. అది చూసి రెండో ప్రొజెక్టర్ మోటారు వెయ్యాలి. ఏడెనిమిది సెకన్లకి రెండో చుక్క, అది పడగానే ఇటు మూసి అటు తెరవాలి. ఆ క్షణంలో ఆయన మొహం నాకిప్పటికీ గుర్తుంది, రెప్ప లేదు. మార్చాడు. హాల్లో ఐదొందలమంది ఉన్నారనుకుంటా, ఒక్కడికీ తెలీలేదు.

అదీ మలుపే కదా. ఒక దారి అయిపోతుంది, ఇంకో దారి మొదలవుతుంది, మధ్యలో అతుకు మనకి తెలియకుండా ఉండటానికి ఒక మనిషి రెప్ప వెయ్యకుండా నిలబడతాడు.

రోడ్ల సంగతికొస్తే, కొండ మీదికి నిటారుగా రోడ్డు వెయ్యలేక కాదు మెలికలు పెట్టేది, వేసినా బండి ఎక్కలేదు కాబట్టి. ఎత్తు మారదు, దూరం పెంచితే ఏటవాలు తగ్గుతుంది, అంతే లెక్క. ఆల్ప్స్‌లో స్టెల్వియో అని ఒక కనుమ దారి ఉంది, 2,757 మీటర్ల ఎత్తు. కార్లో దొనెగాని అనే ఇంజనీరు 1820లో మొదలుపెట్టి 1825కి పూర్తి చేయించాడు, గుర్రబ్బళ్ళ కాలం అది. ఒక వైపునుంచి ఎక్కేటప్పుడే 48 హెయిర్‌పిన్‌లు, ఒక్కోదానికి నంబరు రాళ్ళు. గుర్రానికి ఊపిరి అందాలని వేసిన ఏటవాలు మీద రెండొందల ఏళ్ళ తర్వాత కార్లు పోతున్నాయి. నేనింకా చూడలేదు, ఫోటో చూసినప్పుడల్లా రీలు విప్పి కొండ మీద పరిచినట్టే అనిపిస్తుంది.

దిగడం ఇంకా కష్టం, ఇది చాలామందికి తెలీదు. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగాలి అంటారు డ్రైవర్లు. అదే పనిగా బ్రేకు తొక్కుతూ దిగితే డ్రమ్ములు వేడెక్కి పట్టు వదిలేస్తాయి, చిన్న గేరులో ఉంచితే ఇంజనే బండిని వెనక్కి పట్టుకుంటుంది. చెవులు దిబ్బడేసేది కూడా దిగేటప్పుడే ఎక్కువ. ఎక్కేటప్పుడు చెవి లోపలి గాలి దానంతటది బయటికి పోతుంది, దిగేటప్పుడు మాత్రం మనం మింగాలి, ఆవలించాలి, అప్పుడు గానీ తెరుచుకోదు. టప్పుమని చెవి తెరుచుకుని లోకం మళ్ళీ వినపడటం ఉంది చూశారా, మ్యాట్నీ అయ్యాక హాలు తలుపు తోసుకుని ఎండలోకి వచ్చినప్పుడు కళ్ళకి సరిగ్గా అదే జరుగుతుంది. కాసేపు ఎక్కడున్నామో తెలీదు, బండ్ల చప్పుడు కొత్తగా వినపడుతుంది, మనుషులు మరీ నిజంగా కనిపిస్తారు.

ఘాట్ రోడ్డులో వాంతులు కూడా మనకే, డ్రైవర్‌కి రావు. లోపలి చెవి "తిరుగుతున్నాం" అంటుంది, ఫోను చూస్తున్న కళ్ళు "లేదు, ఇక్కడే ఉన్నాం" అంటాయి, ఆ తగువు కడుపుకి చుట్టుకుంటుంది. డ్రైవర్‌కి మలుపు వచ్చేముందే తెలుసు, ఆయన ఒళ్ళు ముందే సిద్ధమైపోతుంది. అందుకే వాంతి వస్తుందనేవాళ్ళని ముందు కూర్చోబెట్టి రోడ్డు చూడమంటారు. ఆయన చూసేది చూస్తే ఆయనలాగే ఉంటాం.

ఇప్పుడు అన్నీ మారాయి, నాకు కోపం లేదు గానీ బెంగ ఉంది. ఫ్యూజీ లాంటి కంపెనీ 2013లో సినిమా ఫిల్మ్ తయారీ ఆపేసింది, ఆ నాలుగైదేళ్ళలోనే హాళ్ళలో రీలు పెట్టెలు మాయమైపోయాయి, సినిమా ఇప్పుడు ఒక హార్డ్‌డిస్క్. గీతల్లేవు, ఊగదు, చుక్కలు పడవు, బొమ్మ నిజంగానే శుభ్రంగా ఉంటుంది, కాదనను. కొండల్లో సొరంగాలొచ్చాయి. హిమాచల్‌లో రోహ్‌తాంగ్ కనుమ 3,978 మీటర్లు, చలికాలమంతా మంచు కింద మూసుకుపోయేది, దాని కింద 2020లో తొమ్మిది కిలోమీటర్ల అటల్ టన్నెల్ తెరిచారు. అవతల ఉన్న పల్లెల్లో జబ్బుపడ్డవాళ్ళకి అదొక ప్రాణం, నా మలుపుల ముచ్చట కోసం ఆ సొరంగం వద్దనే హక్కు నాకు లేదు. కానీ పది నిమిషాల్లో అవతల తేలినప్పుడు కొండ దాటామన్న సంగతి ఒంటికి తెలీదు, ఆ ముక్క చెప్పకుండా ఉండలేను. ఇంట్లో సినిమా మధ్యలో ఆపి, నీళ్ళు తాగి, ఫోన్ మాట్లాడి, రేపు చూద్దాంలే అని వదిలేసినప్పుడూ అంతే. పూర్తిగా చూసిన సినిమాలు నాకు ఎక్కువ లేవు ఈ మధ్య, హాల్లో చూసినవి మాత్రం పాతికేళ్ళ కిందటివి కూడా ఏ వరుసలో కూర్చున్నానో గుర్తుంది. అక్కడ ఆపే బటన్ నా చేతిలో లేదు. బస్సులోనూ లేదు. ఎవరో తెలియని మనిషికి మనల్ని అప్పగించేసి కూర్చోవడం, ఆ మనిషి నిలబెట్టుకోవడం, నాకు ఆ రెండు చోట్లా ఇష్టమైంది అదేనేమో.

ఆ రోజు కేబిన్ నుంచి బయటికొస్తుంటే ఆపరేటర్ ఒక పని చెప్పాడు. కిందకెళ్ళి కూర్చుని కాసేపు చూసి, మళ్ళీ మెట్లెక్కి వచ్చి చెప్పమన్నాడు, "బొమ్మ బాగా కనపడుతోందా, అక్షరాలు అలికినట్టున్నాయా" అని. అంత దూరం నుంచి, ఆ చిన్న అద్దం లోంచి ఫోకస్ తేడా ఆయనకి సరిగ్గా తెలియదట, మామూలుగా జనం అరిస్తేనే తెలుస్తుందట. నేను పరిగెత్తుకుంటూ కిందకెళ్ళి, చూసి, పరిగెత్తుకుంటూ పైకొచ్చి "బాగుంది" అని చెప్పా. ఆయన తల ఊపి మళ్ళీ మూల వైపు చూస్తూ నిలబడ్డాడు.

బస్సు తెల్లవారుతుండగా పైకి చేరింది. అందరూ దుప్పట్లు కప్పుకునే దిగి అంచు దగ్గరికి పరిగెత్తారు, లోయలో మంచు మీద ఎండ పడుతోంది, ఫోన్లు పైకి లేచాయి. డ్రైవర్ మాత్రం బండి చుట్టూ తిరుగుతున్నాడు, ఒక్కో చక్రం దగ్గర వంగి డ్రమ్ము దగ్గరగా చెయ్యి పెట్టి వేడి చూస్తున్నాడు. నేను బ్యాగు తీసుకుని ఆయన పక్కనుంచి వెళ్తుంటే తలెత్తకుండానే అడిగాడు, "రాత్రి కుదుపులేమైనా తెలిశాయా బాబూ?"

"లేదన్నా" అన్నా, "అందరూ పడుకునే ఉన్నారు."