రాడ్ బైండింగ్ చేసేవారి మోచేయి

ఖతర్ రాజధాని దోహాలో మనవాళ్లు సనయ్య అని పిలిచే ఇండస్ట్రియల్ ఏరియా దగ్గర నేను ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. మోచేతి బాధతో నా దగ్గరకు వచ్చేవారిలో రాడ్ బైండింగ్ కార్మికులు, అంటే కట్టడాల్లో ఇనుప రాడ్లను ప్లయర్‌తో వైరు మెలిపెట్టి కట్టేవారు, ఎక్కువ. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చినవారు వారిలో తరచుగా కనిపిస్తారు. "పొద్దుగాల మంచిగనే ఉంటది సార్, పని నడిచినకొద్దీ మోచెయ్యి వదులైనట్టు అయితది, ప్లయర్ మీద పట్టు దొరకది" అని వారు చెబుతారు. ఈ వర్ణన శరీర నిర్మాణానికి సరిగ్గా సరిపోతుంది.

చేయి పూర్తిగా చాచినప్పుడు మోచేతి కీలును ఎముకల అమరికే చాలావరకు కాపాడుతుంది. చేయి మడిచి పనిచేసేటప్పుడు మాత్రం, ముంజేయి బయటివైపుకు ఒరిగిపోకుండా ఆపే భారం ప్రధానంగా లోపలివైపున ఉన్న అల్నార్ కొలాటరల్ లిగమెంటు (ఎముకను ఎముకకు కట్టి ఉంచే గట్టి పట్టీ) మీద పడుతుంది. మణికట్టును, వేళ్లను ముడిచే కండరాలు ఆ లిగమెంటు మీదుగానే సాగుతాయి. అవి బిగుసుకున్నప్పుడు కీలు లోపలివైపు సందు తగ్గి, లిగమెంటు భారంలో కొంత వాటికి మారుతుంది. ప్లయర్‌ను పట్టి వైరును మెలిపెట్టేది కూడా ఆ కండరాలే కాబట్టి, పనికి వాటి అవసరం పెరిగినకొద్దీ కీలుకు అండగా నిలిచే శక్తి వాటిలో తరుగుతుంది. వాటిని అలసేవరకు పనిచేయించి, మోచేతిపై పక్కబలం ప్రయోగించి అల్ట్రాసౌండ్‌తో చూసినప్పుడు ఆ సందు ముందుకన్నా ఎక్కువగా తెరుచుకున్నట్టు పరిశోధనలు చూపాయి. అలసట వల్ల కండరం స్పందించడం ఆలస్యమవుతుంది, కీలు ఏ కోణంలో ఉందన్న ఎరుక కూడా మందగిస్తుంది.

ఈ పరిజ్ఞానంలో చాలా భాగం బేస్‌బాల్‌లో బంతి విసిరే ఆటగాళ్లైన పిచర్ల చేతుల నుంచి వచ్చింది. 1974లో ఫ్రాంక్ జోబ్ అనే అమెరికన్ శస్త్రవైద్యుడు టామీ జాన్ అనే పిచర్‌కు ఈ లిగమెంటునే పునర్నిర్మించారు. పిచర్ విసిరిన ప్రతి బంతికీ నేడు లెక్క ఉంటుంది. ఒక షిఫ్టులో కార్మికుడు వేసిన ముడులను అతని మోచేయి కోసం లెక్కపెట్టేవారు లేరు. బంతి విసిరేటప్పుడు పడేంత బలం బైండింగ్‌లో పడదు, లిగమెంటు తెగిపోవడం కూడా అరుదే. మా దగ్గర ఎక్కువగా కనిపించేది కండరాలు ఎముకకు అతికే చోట వచ్చే నొప్పి. అయినా, రాడ్ల జాలీ మీద నడుస్తూ కాలు జారి చేయి ఆనించవలసి వచ్చిన క్షణంలో, అలసిన ముంజేయి ఆ దెబ్బను కాచుకోలేదన్న భయం నాకు ఎప్పుడూ ఉంటుంది.

ఖతర్‌లో 2021 నుంచి, జూన్ 1 మొదలు సెప్టెంబర్ 15 వరకు, ఉదయం 10 గంటల నుంచి మధ్యాహ్నం 3.30 వరకు ఆరుబయట పని నిషేధం. ఇది ప్రాణాలు కాపాడే నిబంధన, నేను దాన్ని మనసారా సమర్థిస్తాను. అయితే అది ఎండ కోసం పెట్టింది. ఉదయం మిగిలిన గంటల్లోనే పని ముగించాలనే తొందరలో ముంజేతికి మధ్యమధ్య దొరకవలసిన చిన్న విరామాలు పోతాయి. కండరానికి ఒకే పెద్ద విరామంతో పాటు, పట్టు సడలకముందే దొరికే కొద్ది నిమిషాలు కూడా కావాలి.

నొప్పి మాత్రతోనో, ఇంజెక్షన్‌తోనో బాధ తగ్గుతుంది గానీ అలసిన కండరానికి బలం తిరిగి రాదు. బరువును మెల్లగా దించుతూ చేసే వ్యాయామాలకు వారాలు పడుతుంది. ఆ ఓపిక కార్మికునికి ఉన్నా, ఓటీ (ఓవర్‌టైమ్) డబ్బు పోతుందన్న బెంగ ఇంటి అప్పు రూపంలో వెంటే ఉంటుంది. బ్యాటరీతో వైరు కట్టే యంత్రాలు ఉన్న సైట్లలో వేళ్ల మీద ఒత్తిడి బాగా తగ్గుతుంది, అవి అన్నిచోట్లా రావాలి. ఉత్తి "లైట్ డ్యూటీ" అని రాస్తే రాడ్లు మోయించే వీలుంది కనుక, నేను చీటీ మీద వివరంగా రాస్తాను: రెండు వారాలు బైండింగ్ వద్దు, చేయి చాచి రాడ్లు లాగడం వద్దు, కొలతలు వేసే పని, ట్యాగులు కట్టే పని ఇవ్వవచ్చు, తర్వాత పట్టు బలం కొలిపించుకోవడానికి మళ్లీ పంపండి.