నాన్న షాపు, నాలుగు స్టాంపులు

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఒక సందులో నాన్నకి రేడియో రిపేరు షాపు ఉండేది. మూసేసి చాలా ఏళ్ళయింది గానీ, సోల్డరింగ్ పొగ వాసన ఎక్కడ తగిలినా నాకు ఆ సందే గుర్తొస్తుంది. అందుకేనేమో, 1973 జులై 10న అమెరికా వాళ్ళు ఎలక్ట్రానిక్స్ ప్రగతి మీద వేసిన 4 స్టాంపుల సెట్టు కోసం ఇన్నాళ్ళు వెతికాను. మొన్న దొరికింది. ఒక్క ముద్ర లేదు, వెనక జిగురు కూడా చెదరలేదు.

6 సెంట్ల స్టాంపు మీద నిప్పురవ్వలు పుట్టించే మార్కోనీ కాయిల్ ఉంది. విమానం టపాకి వేసిన 11 సెంట్ల దాని మీద లీ డి ఫారెస్ట్ అనే అమెరికన్ కనిపెట్టిన ఆడియాన్ వాల్వులు (పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టాల్లాంటివి), 15 సెంట్ల దాని మీద మైకు, స్పీకరు, వాల్వు, టీవీ కెమెరా ట్యూబు. నాకు ప్రాణం మాత్రం 8 సెంట్లదే: ట్రాన్సిస్టర్లు, సర్క్యూట్ బోర్డు.

నాన్న భూతద్దం పెట్టి దాన్ని చాలాసేపు చూశారు. "ఇదేటిరా, మన మూడు కాళ్ళదే!" అన్నారు, ట్రాన్సిస్టరుని చూసి. ఇక కబుర్లు మొదలు. వాల్వు సెట్టు ఆన్ చేస్తే లోపల ఫిలమెంటు వేడెక్కేదాకా పాట కోసం కాచుకోవాలట, అదే ట్రాన్సిస్టరు సెట్టయితే మీట తిప్పగానే మోగేది, కరెంటు లేని పొలం గట్టు మీదికి కూడా సెల్లులేసుకుని పట్టుకుపోయేవారట. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనశాలలో పుట్టిన ఆ ట్రాన్సిస్టరే మా ఇంటికి అన్నం పెట్టింది.

ఆల్బంలో ఈ నాలుగింటికీ పైన ఇంకో స్టాంపు పెట్టాను, 1958లో మన తపాలా శాఖ జగదీశ్ చంద్ర బోసు శతజయంతికి వేసిన 15 నయా పైసలది. చిన్నప్పుడు పాత కవరు మీంచి నీళ్ళలో నానబెట్టి తీశాను, ఒక మూల పళ్ళు చిరిగాయి. అయినా దాని చోటు అదే. మార్కోనీ 1901లో రేడియో సంకేతాన్ని అట్లాంటిక్ దాటించాడు నిజమే, కానీ 1895లోనే కలకత్తాలో బోసు తీగ లేకుండా, గోడల్లోంచి తరంగాలు పంపి అవతల గంట మోగించాడు. వైర్‌లెస్ పేజీలో ఆయన లేకపోతే నాకు మనసొప్పదు.

నాన్న లోపలికెళ్ళి పాత రేకు డబ్బాలోంచి ఒక ఏసీ 128 ట్రాన్సిస్టరు ఏరి తెచ్చారు, కాళ్ళకి ఇంకా సీసం అంటుకునే ఉంది. "ఇది కూడా పెట్టు" అన్నారు. చిన్న ప్లాస్టిక్ కవర్లో వేసి 8 సెంట్ల స్టాంపు కింద అంటించాను. అక్కడ ఆల్బం కాస్త ఉబ్బుగా ఉంది, ఉండనీ.