అవును, కాదు

పదకొండున్నర అయింది. ప్లేస్కూల్ ఫారం మూడు రోజులుగా డైనింగ్ టేబుల్ మీదే ఉంది. రక్తం గ్రూపు, టీకాలు అన్నీ నింపేశాను. "ఫిట్స్/మూర్ఛ: అవును, కాదు" దగ్గర ఆగిపోయాను.

పొద్దున దొడ్డమ్మ ఫోన్. "ఆడపిల్లే! కాగితం మీద పెట్టకు. రేపు సంబంధాలప్పుడు ఎవరో ఒకరు తవ్వి తీస్తారు" అంది. రాత్రిళ్లు ఇంకా డైపర్ వేస్తున్న పిల్లకి సంబంధాలట! మధ్యాహ్నం పప్పు మాడ్చేదాకా ఆ మాటే నసపెట్టింది నన్ను.

ఆ రోజు తాళాల గుత్తి పట్టుకొచ్చిందీ ఈవిడే. చవితి సాయంత్రం, ఉండ్రాళ్లు ఇంకా ఆవిరి మీదే ఉన్నాయి. ఒళ్లు కాలిపోతున్న పిల్ల నా ఒళ్లోనే కళ్లు పైకి తేలేసింది. కాళ్లూ చేతులూ కొట్టుకోవడం, పెదాలు నేరేడుపండు రంగుకి తిరగడం. దొడ్డమ్మ ఇనుము ఇనుము అంటూ పిడికిలి విప్పి తాళాలు కుక్కుతోంది, పక్కింటావిడ నోట్లో పెట్టడానికి చెంచా తెచ్చింది. ఈయనేమో గోడ గడియారం చూస్తూ నిలబడ్డారు. కొట్టాలనిపించింది.

ఆస్పత్రిలో డాక్టరు మొదట అడిగింది "ఎన్ని నిమిషాలు?" అనే. "రెండున్నర" అన్నారీయన. నేనైతే అరగంట అని చెప్పేదాన్ని.

ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి, ఒక్కోచోట ఐదుగురికి కూడా ఇలా జ్వరంతో ఫిట్స్ వస్తాయట. మూడోవంతు మందికి మళ్లీ రావచ్చట. మెదడుకేం కాదు, ఐదు నిమిషాలు దాటితే మాత్రం 108కి ఫోన్ చేయమన్నారు. పారాసెటమాల్ పిల్లకి కాస్త సుఖాన్నిస్తుంది గానీ ఫిట్స్‌ని ఆపదన్నారు. అది మాత్రం నాకు మింగుడుపడలేదు. ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, ఇప్పటికీ సిరప్ సీసా దగ్గరికి పరిగెడతాను.

"ఇది మూర్ఛవ్యాధి కాదమ్మా" అని కూడా అన్నారు. అందుకే ఇందాక "కాదు" మీద టిక్ పెట్టబోయాను. అబద్ధం కాదుగా, డాక్టరే చెప్పారుగా అనుకున్నాను. పెన్ను ఆనించాక అర్థమైంది, ఇది దొడ్డమ్మ మాటే. డాక్టరు నోట చెప్పించుకుంటున్నానంతే.

స్కూల్లో జ్వరమొచ్చి, ఏ ఆయమ్మో చెంచా తెస్తే?

"అవును" మీద టిక్ పెట్టి పక్కన రాశాను: జ్వరంతోనే, ఒక్కసారే. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, టైం చూడండి. చోటు చాలక అక్షరాలు "తండ్రి వృత్తి" గడిలోకి పాకాయి.

అన్నట్టు బుజ్జిది ఇవాళ బొమ్మ చంకలో థర్మామీటర్ పెట్టి "కుయ్‌మందా?" అని అడిగింది. భలే నవ్వొచ్చింది.

దొడ్డమ్మకి ఫారం సంగతి చెప్పను. ఆవిడ మళ్లీ ఫోన్ చేస్తే ఈయనకిస్తాను.