నిజాం కాలం నవల, నాకు రాని తెలుగు

నేను తెలుగు మీడియంలో చదువుకున్నదాన్నే. మాది తెనాలి దగ్గర పల్లె, చిన్నప్పుడు అద్దె పుస్తకాల షాపులో ఏ నవల దొరికితే అది నమిలి మింగేదాన్ని. అలాంటి నేను నిజాం కాలంనాటి తెలంగాణ పల్లె మీద వచ్చిన ఒక నవల తెరిచేసరికి మొదటి పేజీల్లోనే ఆగిపోయాను. అన్నీ తెలుగు అక్షరాలే, వాక్యాలూ తెలుగువే, కానీ పేరాకి రెండు మూడు మాటలు అడ్డం పడుతున్నాయి. నవల పేరు చెప్పను. ఆ కాలం మీద వచ్చిన ఏ నవల తీసినా కోస్తావాళ్ళకి ఇదే పరిస్థితి, కాబట్టి ఒక్క పుస్తకం గొడవలా చదవొద్దు.

అందరూ చెప్పే సలహా ఒకటుంది కదా, తెలియని మాట వస్తే ఆగొద్దు, సందర్భాన్ని బట్టి అర్థమైపోతుంది అని. కొంతవరకు నిజమే. 'కైకిలి' ఎక్కడా వెతకలేదు, పొద్దున్నే కైకిలికి పోయిన ఆడవాళ్ళు సాయంత్రం కూలి గింజలు కొంగులో కట్టుకొస్తుంటే ఇంక అర్థం చెప్పాలా? 'పైలం' కూడా అంతే, ఊరికి బయల్దేరే కొడుక్కి తల్లి పైలం అంటుంది, జాగ్రత్త అని తెలిసిపోతుంది. ఇలాంటివాటికి నిఘంటువు దగ్గరికి పోవడం టైం దండగ, కథ చల్లారిపోతుంది.

అసలు చిక్కు తెలియని మాటలతో కాదు, తెలుసు అనిపించే మాటలతో. మా వైపు అమీనా అంటే కోర్టు నోటీసు పట్టుకొచ్చేవాడు, ఆస్తి జప్తుకి వచ్చేవాడు. నిజాం రాజ్యంలో అమీన్ అంటే పోలీసు సబ్ ఇన్‌స్పెక్టర్. ఊళ్ళోకి అమీన్ దిగాడంటే జనం ఎందుకు అంత హడలిపోతున్నారో కోర్టు బంట్రోతుని ఊహించుకుని చదివితే ఒక్క ముక్క పొసగదు. దొర అంటే మా తాతల మాటల్లో తెల్లవాడు, ఇక్కడ గడిలో, అంటే కోటలాంటి తన ఇంట్లో, కూర్చుని ఊరంతటినీ నడిపించే భూస్వామి. జీతగాడు అంటే నెల జీతం తీసుకునే ఉద్యోగి కాదు, మేం పాలేరు అనే మనిషి, చాలాసార్లు తండ్రి చేసిన అప్పుకింద దొర ఇంట్లో పడి ఉండేవాడు. ముచ్చట అంటే ముద్దూ మురిపెం కాదు, సంగతి, కబురు. ఇవి నిఘంటువులో వెతకాలన్న అనుమానమే రాదు, అదే ప్రమాదం. అందుకే ఒక లెక్క పెట్టుకున్నాను: తెలిసిన మాటే అయినా ఆ వాక్యంలో కాస్త వంకరగా కూర్చుంటే పక్కన పెన్సిల్‌తో గీత. తెలియని మాటకి గీత లేదు, అది ఎలాగూ కంట్లో పడుతుంది.

ఇక నిఘంటువుల సంగతి. మనకి పెద్దవి లేవని కాదు. 1885లో వచ్చిన బహుజనపల్లి సీతారామాచార్యులుగారి శబ్దరత్నాకరం ఇంట్లో ఉంది, కానీ అది కావ్యాలు చదివేవాళ్ళ నిఘంటువు, ఊరి లెక్కలు రాసే పట్వారీ దఫ్తరంలో మాటలకి దాన్ని అడగడం అన్యాయం. ఆంధ్రభారతి సైట్లో ఒక్కసారి కొడితే చాలా నిఘంటువుల్లో వెతికిపెడుతుంది, నా పని సగం అక్కడే అయింది. బ్రౌన్ దొర (ఈయన మా వైపు అర్థంలో దొర) 1852లో వేసిన నిఘంటువులో కచేరీ మాటలు బాగానే దొరుకుతాయి, ఎందుకంటే ఆయన కడప, మచిలీపట్నం, రాజమండ్రి కచేరీల్లో ఉద్యోగం చేసినవాడు. తెలుగులో కలిసిపోయిన పరాయి మాటలకి విడిగా మిశ్రభాషా నిఘంటువు కూడా చేశాడు. ఎక్కువ పనికొచ్చింది మాత్రం ఎవరూ చెప్పని పుస్తకం, 1855లో విల్సన్ అనే ఇంగ్లీషాయన వేసిన రెవెన్యూ, కోర్టు మాటల కోశం. దేశంలో ఏ భాషలో ఏ అధికారిని ఏమంటారో, ఏ పన్నుకి ఏ పేరో అందులో ఉంటుంది. స్కాన్ కాపీ నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. అక్షరాలు చిన్నవి, కళ్ళు లాగుతాయి, అయినా దాన్ని పక్కన పెట్టుకున్నాకే నవల కదిలింది.

అయినా కోశంలో అర్థం దొరికినంత మాత్రాన పని అయిపోలేదు. 'పట్వారీ: గ్రామ లెక్కలు రాసే ఉద్యోగి' అని రాసుకుంటే మర్నాటికి గుర్తుండేది, వారానికి పోయేది. ఫోన్‌లో ఆంకీ యాప్ వేసుకుని కార్డులు చేసి చూశాను, ముందువైపు మాట, వెనకవైపు అర్థం. పరీక్షకి చదివినట్టు ఉంది తప్ప పుస్తకంలో ఆ మాట వస్తే మనసులో బొమ్మ రావట్లేదు. అప్పుడు అర్థమైంది, ఈ మాటలు ఒంటరిగా బతికేవి కావు. పట్వారీ ఎవరో తెలియాలంటే మాలీ పటేల్ ఎవరో తెలియాలి, మాలీ పటేల్ శిస్తు వసూలు చేస్తాడు, పోలీస్ పటేల్ తగాదాలూ నేరాలూ చూస్తాడు, లెక్క మాత్రం పట్వారీ చేతిలో ఉంటుంది, అందుకే చదువు రాని రైతు అందరికంటే ఎక్కువగా అతనికే భయపడతాడు. ఒక తెల్ల కాగితం మీద ఊరి పెత్తనం అంతా గీసుకున్నాను, పైన దేశ్‌ముఖ్ (చాలా ఊళ్ళ మీద పెత్తనం ఉన్న పెద్ద భూస్వామి), పక్కన తహసీలు, అమీన్, కింద ఈ ముగ్గురు, ఇంకా కింద వెట్టి చేసేవాళ్ళు. ఆ కాగితం నవలలో మడిచి పెట్టుకున్నాక కార్డుల అవసరం సగానికి సగం పోయింది. మా కరణం, మునసబులతో పోల్చుకుంటే ఎక్కడ సరిపోతుందో, ఎక్కడ సరిపోదో కూడా కనబడింది.

భూమి మాటలకి మా మామయ్యగారు దిక్కయ్యారు. సూర్యాపేట వైపు మనిషి, ఎనభై దాటాయి. మేం హైదరాబాద్‌లో ఒకే ఇంట్లో ఉంటాం కాబట్టి రాత్రి భోజనాలయ్యాక గీతలు పెట్టిన పేజీలు పట్టుకుని కూర్చునేదాన్ని. "తరి అంటే ఏంటి మామయ్యా?" అంటే, "నీళ్ళు పారే భూమి బిడ్డా, వరి పండేది. వాన మీద ఆధారపడ్డది ఖుష్కి. మనది ఖుష్కే ఎక్కువుండె," అని లేచి వెళ్ళి బీరువాలోంచి ఒక ఫైలు తెచ్చారు. 1954-55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిదో రాసిన సర్కారు రికార్డు) నకలు, వాళ్ళ నాన్నగారి పేరుతో. భూమి తగాదా వస్తే ఇప్పటికీ అందరూ వెతుక్కునే కాగితం అది. నేను నవలలో అడ్డం పడుతున్నాయి అనుకున్న మాటలు ఆ కాగితం నిండా ఉన్నాయి, పట్టాదారు, శివారు, ఖుష్కి, తరి, శిస్తు. పటేల్ పట్వారీ వ్యవస్థని 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం తీసేసింది కాబట్టి ఆయనకి అదంతా చదివిన చరిత్ర కాదు, నడివయసు దాకా దస్కత్ కోసం వాళ్ళ ఇంటి ముందు నిలబడ్డ అనుభవం. దస్కత్ అంటే సంతకం అని కూడా అప్పుడే చెప్పారు, నేను అడక్కుండానే.

నాగు గురించి అడిగితే మాత్రం కాసేపు ఏం మాట్లాడలేదు. విత్తనాలకో తిండికో దొర దగ్గర గింజలు తెచ్చుకుని, పంట రాగానే మిత్తి (వడ్డీ) గింజలతో కలిపి కొలిచి ఇవ్వడం. డబ్బు అప్పు కాదు, గింజల అప్పు. "పంట కళ్ళంలనే కొలుచుకపోయేటోళ్ళు, ఇంటికొచ్చేది ఏముంటది," అన్నారు. నవలలో ఆ ఘట్టం మళ్ళీ చదివాను, మొదటిసారి దాన్ని పట్టించుకోకుండా దాటేసే వీలుంది, అంత మామూలుగా రాశాడు రచయిత.

తేదీలు, డబ్బులు ఇంకో గొడవ. ఫసలీ అంటే శిస్తు లెక్కలకి వాడే సంవత్సరం, దానికి 590 కలిపితే మన లెక్క సుమారుగా వస్తుంది, 1357 ఫసలీ అంటే 1947-48. మా మద్రాసు వైపు కూడా ఫసలీ ఉంది గానీ అది జూలైలో మొదలవుతుంది, హైదరాబాద్‌ది అక్టోబర్‌లో. నెలల పేర్లు ఆజూర్, దై, బహమన్ అంటూ పారశీకం. పోలీస్ యాక్షన్ (భారత సైన్యం నిజాం రాజ్యంలోకి దిగడం) జరిగిన 1948 సెప్టెంబర్ 1357 ఆఖర్లో పడుతుందని లెక్క కట్టుకున్నాక కథలో ఎవరు ఎప్పుడు ఊరు వదిలి పారిపోయారో, ఎప్పుడు తిరిగొచ్చారో కుదిరింది. డబ్బుల్లో హాలీ అంటే నిజాం రూపాయి, కల్దార్ అంటే బ్రిటిష్ రూపాయి, 7 హాలీలకి 6 కల్దార్‌లు. ఇవి బట్టీ కొట్టలేదు, అట్ట లోపలివైపు రాసి పెట్టుకున్నాను. ప్రతిదీ బుర్రలోనే ఉండాలని రూలేం లేదు కదా.

కొన్ని మాటలు కావాలనే వదిలేశాను. వంటల పేర్లు, నగల పేర్లు, తిట్లు. తిట్లకి అర్థం అడగడానికి మామయ్యగారి ముందు నోరు రాలేదు, మా ఆయన్ని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

మోటబావి దగ్గర మళ్ళీ ఆగాను. మోట అంటే మా కపిల అని తెలిసింది, కానీ తోలుసంచీకి కింద తొండం, పైన గిరక, ఎడ్లు దిగే వాలు, ఒక్కో భాగానికి ఊరికో పేరు. దీనికి మామూలు నిఘంటువులు చాలవు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు జిల్లా జిల్లాకీ మనుషుల్ని పంపి రైతుల నోటి మాటలు సేకరించి చేసిన మాండలిక వృత్తి పదకోశం ఉంది, మొదటి సంపుటం 1962, పూర్తిగా వ్యవసాయం. ఒక పనిముట్టుని ఏ జిల్లాలో ఏమంటారో పక్కపక్కనే ఉంటుంది. నాలాంటి అటుఇటు సంసారానికి ఇంతకంటే పనికొచ్చే పుస్తకం ఇంకోటి లేదు, నవల పక్కన పెట్టేసి దాన్నే చదువుతూ కూర్చున్న సాయంత్రాలు ఉన్నాయి.

నవల పూర్తయ్యాక గీతలు పెట్టిన పేజీలు మాత్రం మళ్ళీ తిరగేశాను. చాలా గీతలు ఎందుకు పెట్టానో నాకే తెలియలేదు, ఆ మాటలు మామూలైపోయాయి. తెలియనివి కొన్ని ఇంకా ఉన్నాయి, వాటిని మామయ్యగారి అక్కగారిని అడగాలి, ఆమె తుంగతుర్తిలో ఉంటారు, ఫోన్‌లో సరిగ్గా వినపడదు కాబట్టి దసరాకి వెళ్ళినప్పుడే. తర్వాత చదవబోయేది మగ్గం మనుషుల కథ. దానికి పదకోశం రెండో సంపుటం, 1971లో వచ్చిన చేనేతది, ముందే దించి పెట్టుకున్నాను.